గంబోరో తగ్గాక మిగిలిన కోళ్ల సంగతి

గంబోరో కోళ్లకు వచ్చే ఒక వైరస్ జబ్బు. అది వచ్చిందంటే అందరూ ముందు చెప్పేది చచ్చిన కోళ్ల లెక్కే. మొదటి రోజు ఇన్ని, మూడో రోజు ఇన్ని, ఎప్పటికి తగ్గింది. వారం తిరిగేసరికి చావులు ఆగిపోతాయి, మేత మళ్లీ పుంజుకుంటుంది, గండం గట్టెక్కిందని ఊపిరి పీల్చుకుంటారు. కానీ బతికి బయటపడ్డ కోళ్లలో బర్సా అనే ఒక చిన్న అవయవం దెబ్బతిని ఉంటుంది. ఆ తర్వాత ఆ కోడికి వేసే ప్రతి వ్యాక్సిన్‌కీ, దాని ఒంట్లోకి దూరే ప్రతి సూక్ష్మజీవికీ జవాబు చెప్పాల్సింది ఆ బర్సాలో తయారైన కణాలే. మూడు వారాల లోపు పిల్లలకు ఈ వైరస్ సోకితే ఒక్క పిల్లా చావకుండా, ఒక్క రెట్టా మారకుండా కూడా ఆ నష్టం జరిగిపోవచ్చు. రైతును ఎక్కువగా ముంచేది ఈ రెండో రకమే. అందుకే ఈ పోస్టులో చావుల కంటే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

బర్సా ఎక్కడుంటుందో, ఏం చేస్తుందో

కోడిని వెల్లకిలా పడుకోబెట్టి కోసి, పేగుల్ని పక్కకు తీసి, చివరి పేగును పట్టుకుని మలద్వారం దాకా వెళ్లండి. అక్కడ వెన్ను వైపున, మలాశయానికి అంటుకుని ఒక గుండ్రటి సంచి కనిపిస్తుంది. నాలుగు వారాల బ్రాయిలర్‌లో దాదాపు గోళీకాయంత ఉంటుంది. పైన నున్నగా, లేత మీగడ రంగులో ఉంటుంది. బ్లేడుతో సగానికి కోస్తే లోపల పుస్తకంలో పేజీల్లా నిలువు మడతలు కనిపిస్తాయి. ఆ మడతల నిండా కంటికి కనిపించని ఫాలికిల్స్ అనే చిన్నచిన్న గూళ్లు వేలల్లో ఉంటాయి. గుడ్డులో పిండంగా ఉన్నప్పుడే మూలకణాలు వచ్చి వీటిలో చేరతాయి. అక్కడే విభజన చెంది, బీ కణాలుగా తయారై, ప్లీహానికీ, పేగులోని సీకల్ టాన్సిల్స్‌కీ, కంటి వెనకున్న హార్డేరియన్ గ్రంథికీ వెళ్లి స్థిరపడతాయి. యాంటీబాడీలు చేసేవి ఈ బీ కణాలే. కోడి ఈడుకొచ్చేసరికి తన పని ముగించుకుని బర్సా దానంతట అదే కుంచించుకుపోతుంది. అంటే అది పని చేసే కాలమే కొన్ని వారాలు. ఆ కొన్ని వారాల్లోనే ఈ వైరస్ దాని మీద పడుతుంది.

ఈ సంచిని మొదట వర్ణించింది ఇటలీలోని పాదువాలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించిన ఫాబ్రిషియస్. ఆయన చనిపోయాక 1621లో ఆ పుస్తకం అచ్చయింది. ఆడకోడి వీర్యాన్ని దాచుకునే సంచి ఇదేనని ఆయన అనుకున్నాడు. ఇది నిజానికి ఏం చేస్తుందో తెలియడానికి మూడు వందల ఏళ్లకు పైనే పట్టింది. అమెరికాలో బ్రూస్ గ్లిక్, తిమోతీ చాంగ్ అనే ఇద్దరు విద్యార్థులు బర్సా తీసేసిన కోళ్లకు సాల్మొనెల్లా యాంటిజెన్ ఎక్కించి చూస్తే యాంటీబాడీలు రాలేదు. ఆ సంగతి 1956లో పౌల్ట్రీ పత్రికలో అచ్చయింది. మనుషుల రక్త పరీక్షల్లో కూడా వినే ‘బీ కణం’ అనే పేరులోని ‘బీ’ ఈ బర్సా నుంచి వచ్చిందే.

వైరస్ గంట గంటకూ చేసే పని

రోగానికి ఆ పేరు అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో గంబోరో అనే ఊరి చుట్టుపక్కల మొదట కనిపించడం వల్ల వచ్చింది. 1962లో దీన్ని తొలిసారి వివరంగా రాశారు. చచ్చిన కోళ్లలో కిడ్నీలు బాగా వాచి ఉండటంతో మొదట్లో దీన్ని కిడ్నీ జబ్బుగానే లెక్కేశారు. శాస్త్రీయంగా దీని పేరు ఇన్ఫెక్షియస్ బర్సల్ డిసీజ్. దీన్నే ఐబీడీ అంటారు. కారణం బిర్నా కుటుంబానికి చెందిన వైరస్. రెండు ముక్కల ఆర్ఎన్ఏ లోపల, గట్టి ప్రొటీన్ తొడుగు బయట. పైన కొవ్వు పొర లేదు. ఈ ఆఖరి మాట గుర్తుంచుకోండి. షెడ్డు కడిగే దగ్గర దీనితో పని పడుతుంది.

వైరస్ నోటి ద్వారా లోపలికి పోతుంది. మేతలో, నీళ్లలో, లిట్టర్ (షెడ్డు నేల మీద పరిచే పొట్టు) దుమ్ములో ఉన్నది మింగితే చాలు. నాలుగైదు గంటల్లో పేగు గోడలోని మాక్రోఫేజ్ కణాల్లో (సూక్ష్మజీవుల్ని మింగే రక్షక కణాలు) దొరుకుతుంది. అక్కడి నుంచి కాలేయానికి, ఇంచుమించు 11 గంటలకు బర్సాకి చేరుతుంది. అక్కడ అది వెతుక్కునేది వేగంగా విభజన చెందుతున్న, ఇంకా పూర్తిగా ఎదగని బీ కణాల్ని. అవి దొరికాక వాటిలో విపరీతంగా పెరిగి, రక్తంలోకి రెండోసారి పొంగి, ప్లీహం, థైమస్ సహా ఒళ్లంతా పాకుతుంది. కోడిలో లక్షణాలు కనిపించేది రెండు మూడు రోజులకు.

బర్సా బరువు చూస్తే కథంతా అర్థమవుతుంది. మూడో రోజుకు నీరు పట్టి ఉబ్బుతుంది. నాలుగో రోజుకు మామూలు బరువుకు దాదాపు రెట్టింపు అవుతుంది. పైన పసుపు పచ్చటి జిగురు పొర, లోపల మడతల మీద గీతలు, ఉధృతమైన రకం అయితే నెత్తురు గడ్డకట్టి మొత్తం నేరేడు పండు రంగు. ఐదో రోజుకు తిరిగి మామూలు బరువుకు దిగుతుంది. ఆ రోజు కోసి చూసినవాడు ‘బర్సా బాగానే ఉంది’ అనుకునే ప్రమాదం ఉంది. ఎనిమిదో రోజుకు అసలు బరువులో మూడో వంతుకు పడిపోతుంది. కోస్తే బూడిద రంగులో, గట్టిగా, లోపల మడతలు చదునై, అక్కడక్కడా జున్ను ముక్కలాంటి పదార్థంతో కనిపిస్తుంది. అందుకే ఒక్క రోజు ఒక్క కోడిని కోసి నిర్ణయానికి రాకూడదు. రెండు మూడు రోజుల తేడాతో, ఒక్కోసారి అయిదారు కోళ్లను చూడాలి.

నిరోధక శక్తిలో మరో భాగమైన టీ కణాలు పెద్దగా చావవు. అవి గుంపుగా బర్సాలోకి వచ్చి వైరస్‌ను అదుపు చేయడానికి సాయపడతాయి. ఆ పోరులో విడుదలయ్యే రసాయనాలే బర్సా గోడల్ని మరింత పాడు చేస్తాయి. పైగా ఆ కొన్ని రోజులు టీ కణాలు, మాక్రోఫేజ్‌లు కూడా మందకొడిగా పనిచేస్తాయి. అవి కొన్ని వారాల్లో కోలుకుంటాయి. బీ కణాల లోటు మాత్రం అంత తేలిగ్గా తీరదు.

వయసే అసలు తేడా

మూడు నుంచి ఆరు వారాల మధ్య బర్సా నిండుగా ఉంటుంది. వైరస్‌కి కావలసిన కణాలు అప్పుడే ఎక్కువ. కాబట్టి రోగం పైకి కనిపించేదీ అప్పుడే. కోళ్లు ముడుచుకుని కూర్చుంటాయి, ఈకలు రేగుతాయి, తెల్లటి నీళ్ల విరేచనాలవుతాయి, వెనక ఈకలు తడిసి అట్టలు కడతాయి. కొన్ని తమ మలద్వారాన్ని తామే పొడుచుకుంటాయి. వణుకు, నడవలేకపోవడం, చివరికి ఒంటి వేడి పడిపోయి చావు. చావుల గీత పటంలో గీస్తే నిట్టనిలువుగా లేచి, మూడు నాలుగు రోజుల్లో శిఖరానికి చేరి, వారం లోపే నేలకు దిగుతుంది. ఆ ఆకారం చూసే అనుభవమున్నవాళ్లు గంబోరోను అనుమానిస్తారు. 1980ల చివర్లో ఐరోపాలో బయటపడి తర్వాత చాలా దేశాలకు పాకిన అతి ఉధృతమైన రకం అయితే బ్రాయిలర్లలో 25 నుంచి 30 శాతం, ఎదిగే లేయర్ (గుడ్ల కోసం పెంచే) పిల్లల్లో 50 నుంచి 60 శాతం దాకా చావులు చూపింది. లేయర్ జాతులు ఈ వైరస్‌కి బ్రాయిలర్ల కంటే తొందరగా లొంగుతాయి.

మూడు వారాల లోపు సోకితే లెక్క వేరు. పిల్ల మామూలుగా తిరుగుతుంది, తింటుంది. బర్సాలో మాత్రం బీ కణాల విత్తనమే పోతుంది. ఒకరోజు వయసులో, తల్లి యాంటీబాడీలు లేకుండా సోకిన పిల్లల్లో ఐజీజీ రకం యాంటీబాడీ దాదాపు తయారే కాకుండా పోయినట్టు పరిశోధనల్లో తేలింది. కాస్త పెద్ద వయసులో సోకిన వాటిలో బతికిన ఫాలికిల్స్ కొన్ని మళ్లీ నిండుతాయి, కొన్ని చిన్నగా, పనికిరాకుండా మిగిలిపోతాయి. ఏది ఎంత కోలుకుంటుందన్నది ఆ నిష్పత్తి మీదే ఆధారపడుతుంది. అమెరికాలో 1980లలో బయటపడ్డ వేరియంట్ రకాలైతే వాపు, రక్తస్రావం ఏమీ లేకుండానే బర్సాను కొద్ది రోజుల్లో కుదించేస్తాయి. వాటిని పట్టుకోవాలంటే పైకి కనిపించే లక్షణాల కోసం చూస్తే లాభం లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. బర్సా దెబ్బతిన్న కోడి కూడా గంబోరో వైరస్‌కి మాత్రం బాగానే యాంటీబాడీలు చేస్తుంది. ఎలైజా అనే రక్త పరీక్షలో ఐబీడీ టైటర్, అంటే యాంటీబాడీల స్థాయి, ఘనంగా వస్తుంది. దాన్ని చూసి ‘ఈ బ్యాచ్‌లో ఇమ్యూనిటీ బాగుంది’ అనుకుంటారు. ఆ టైటర్ చెప్పేది వైరస్ లోపలికి వెళ్లిందన్న ఒక్క మాటే. కొక్కెర తెగులుకీ, ఐబీ అనే శ్వాసకోశ జబ్బుకీ అదే కోడి ఎంత జవాబిస్తుందో అది చెప్పదు.

బర్సా పోయిన కోడి ఎలా కనిపిస్తుంది

ముందుగా దెబ్బ తగిలేది వ్యాక్సిన్లకు. కొక్కెర తెగులుకు వేసే లాసోటా వ్యాక్సిన్ సరిగ్గానే వేసి ఉంటారు, రెండు మూడు వారాల తర్వాత హెచ్ఐ అనే యాంటీబాడీ పరీక్ష చేయిస్తే టైటర్లు అట్టడుగున ఉంటాయి, పైగా కోడికి కోడికి పొంతన ఉండదు. వ్యాక్సిన్ కంపెనీని అనుమానించే ముందు, వ్యాక్సిన్ వేసిన మనిషిని తిట్టే ముందు, నాలుగు కోళ్ల బర్సాలు కోసి చూడటం మంచిది.

తర్వాత మామూలుగా కోడి తట్టుకునే చిన్నచిన్న సూక్ష్మజీవులు పెద్ద జబ్బులుగా మారతాయి. లాసోటా వేశాక రెండు మూడు రోజుల్లో పోవలసిన గురక వారం దాటినా పోదు. ఆ వెనకే ఈ.కోలి వచ్చి గుండె చుట్టూ, కాలేయం మీద తెల్లటి పొర కడుతుంది. యాంటీబయాటిక్ ఇస్తున్నంతసేపు తగ్గి, ఆపగానే తిరగబెడుతుంది. కాక్సీడియా అనే పేగు పరాన్నజీవికి మందు మేతలో ఉన్నా రక్తపు రెట్టలు కనిపిస్తాయి. ఐబీహెచ్ అనే కాలేయ జబ్బు, రెక్కల కింద, తొడల మీద చర్మం కుళ్లే గ్యాంగ్రీనస్ డెర్మటైటిస్, కోడి రక్తహీనత వైరస్, ఇవన్నీ గంబోరో దెబ్బ తిన్న మందల్లో సులువుగా పట్టేవే. రక్తహీనత వైరస్ గురించి ఒక్క మాట: అది టీ కణాల్ని, మూలుగను దెబ్బతీస్తుంది. గంబోరో బీ కణాల్ని. రెండూ ఒకే పిల్లకు కలిసి తగిలితే నిరోధక శక్తికి రెండు కాళ్లూ విరిగినట్టే.

చావులు ఎక్కువ లేకపోయినా బరువులు సమానంగా ఉండవు. మేత మార్పిడి (తిన్న మేత బరువుగా మారే లెక్క) చెడుతుంది. రోజూ ఒకటీ రెండూ చావడం బ్యాచ్ చివరి దాకా సాగుతుంది. ఇలాంటి బ్యాచ్‌కి మందుల చిట్టా పొడవవుతూ పోతుంది గానీ కారణం మాత్రం ఎవరికీ తట్టదు, ఎందుకంటే అది రెండో వారంలోనే జరిగిపోయింది.

ఎలా తేల్చుకోవాలి

చచ్చిన కోడి కంటే చావబోతున్న కోడిని కోస్తే ఎక్కువ తెలుస్తుంది. తొడల మీద, రొమ్ము కండరాల మీద గీతల్లాంటి రక్తపు మచ్చలు, కందనకాయకూ దాని ముందున్న ప్రొవెంట్రిక్యులస్‌కూ మధ్య గీతలో రక్తస్రావం, ఎండిపోయి నల్లబడ్డ కండ, యూరేట్లతో (మూత్రపు లవణాలు) తెల్లగా ఉబ్బిన కిడ్నీలు, వాచిన బర్సా. ఇవన్నీ కలిసి ఉంటే అనుమానం బలపడుతుంది. ఒక్కొక్కటి విడిగా ఉంటే తొందరపడొద్దు. ప్రొవెంట్రిక్యులస్ లోపలి బుడిపెల మీదే రక్తం ఉంటే కొక్కెర తెగులును, కిడ్నీలు మాత్రమే వాచి బర్సా బాగుంటే కిడ్నీకి పట్టే ఐబీ రకాన్ని, కండరాల్లో రక్తంతో పాటు మూలుగ పాలిపోయి ఉంటే రక్తహీనత వైరస్‌ను లేదా సల్ఫా మందు ఎక్కువ కావడాన్ని ఆలోచించాలి. కుదించుకుపోయిన బర్సాకి మేతలోని అఫ్లటాక్సిన్ అనే బూజు విషం, మారెక్స్ అనే మరో వైరస్ జబ్బు కూడా కారణం కావచ్చు.

లోపలి నష్టం కొలవడానికి తేలికైన పద్ధతి బర్సా బరువు. కోడిని తూకం వేసి, బర్సాను కొవ్వు తీసేసి గ్రాముల్లో తూచి, బర్సా బరువును వెయ్యితో గుణించి కోడి బరువుతో భాగించండి. 1000 గ్రాముల కోడిలో 2 గ్రాముల బర్సా ఉంటే నిష్పత్తి 2. గ్రాములో పదో వంతు చూపే త్రాసు ఉండాలి. వంట తూకంతో కుదరదు. 14, 21, 28, 35 రోజులకు పదేసి కోళ్లలో చూసి రాసిపెట్టుకుంటే మీ జాతికీ మీ మేతకూ ఏది మామూలో రెండు మూడు బ్యాచ్‌ల్లోనే తెలుస్తుంది. ఆ తర్వాత ఎప్పుడు పడిపోయినా వెంటనే పట్టుకోవచ్చు. త్రాసు లేకపోతే ప్లీహం పక్కన పెట్టి చూడండి. ఆరోగ్యంగా ఉన్న నాలుగైదు వారాల కోడిలో బర్సా ప్లీహం కంటే పెద్దదిగా ఉండాలి. వరసగా చాలా కోళ్లలో ప్లీహమే పెద్దదైతే ఏదో జరిగిందనే అర్థం.

ల్యాబుకు పంపేటప్పుడు సగం బర్సా పది శాతం ఫార్మలిన్‌లో వేయాలి. ముక్క కంటే పది రెట్లు ద్రవం ఉండాలి. మిగిలిన సగాన్ని కోసి ఎఫ్‌టీఏ కార్డు మీద అద్ది ఆరబెట్టాలి. మొదటిది కణజాలం ఎంత పోయిందో చెబుతుంది, రెండోదాని ద్వారా ఆర్టీ-పీసీఆర్ చేసి ఏ రకం వైరస్ అన్నది తేలుస్తారు. వ్యాక్సిన్ వైరస్సా, బయటి వైరస్సా అన్నది వీపీ2 ప్రొటీన్ జన్యువు వరస చదివితే గానీ తెలియదు. రక్తమైతే జబ్బు మొదట్లో ఒకసారి, రెండు మూడు వారాల తర్వాత మరోసారి అదే మంద నుంచి తీసి పోల్చాలి.

వ్యాక్సిన్ ఏ రోజు?

గంబోరోలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. తల్లి కోడి నుంచి గుడ్డు పచ్చసొన ద్వారా పిల్లకు యాంటీబాడీలు వస్తాయి. అవి బయటి వైరస్ నుంచి కాపాడతాయి, అదే చేత్తో మనం ఇచ్చే లైవ్ (బతికున్న వైరస్ ఉండే) వ్యాక్సిన్‌ని కూడా చంపేస్తాయి. తొందరగా ఇస్తే వ్యాక్సిన్ వృథా. ఆలస్యమైతే బయటి వైరస్ ముందు చేరుతుంది. పక్క షెడ్డులో 14వ రోజు వేశారని మనమూ 14వ రోజు వేయడంలో అర్థం లేదు. ఆ పిల్లలు వచ్చిన తల్లి మంద వేరు, దాని టైటర్ వేరు.

ఈ రోజును లెక్కగట్టడానికి నెదర్లాండ్స్‌లో పుట్టిన డివెంటర్ సూత్రం వాడతారు. లాగ్ గుర్తులు చూసి భయపడక్కర్లేదు. సగానికి సగం తగ్గడం అర్థమైతే చాలు. తల్లి యాంటీబాడీలు బ్రాయిలర్ పిల్లల్లో మూడు, మూడున్నర రోజులకోసారి సగమవుతాయి. నెమ్మదిగా పెరిగే లేయర్ పిల్లల్లో దాదాపు ఐదున్నర రోజులు పడుతుంది. ఒకరోజు వయసులో కనీసం 18 నుంచి 24 పిల్లల రక్తం తీసి ఎలైజా చేయించండి. టైటర్లను చిన్నవాటి నుంచి పెద్దవాటికి వరసగా పేర్చి, 75వ శాతం దగ్గరున్న పిల్లను తీసుకోండి. 24 పిల్లలైతే 18వది. ఆ పిల్ల టైటర్ 4000 అనుకుందాం. మీరు వాడేది ఇంటర్మీడియట్ (మధ్యస్థ తీవ్రత ఉన్న) వ్యాక్సిన్ అయితే అది 125 టైటర్‌ని ఛేదించగలదని లెక్క. 4000, 2000, 1000, 500, 250, 125: ఐదుసార్లు సగం కావాలి. ఐదు మూళ్లు పదిహేను రోజులు. రక్తం తీసినది 1వ రోజున కాబట్టి ఒకటి కలపాలి. మొదటి నాలుగు రోజులు పచ్చసొన ఇంకా ఒంటికి పడుతూనే ఉంటుంది, టైటర్ తగ్గదు. అందుకని మరో మూడు కలపాలి. మొత్తం 19వ రోజు. అదే పిల్లలకు అంతకంటే తీవ్రమైన ఇంటర్మీడియట్ ప్లస్ వాడితే అది 500ని ఛేదిస్తుంది. మూడుసార్లు సగం, తొమ్మిది రోజులు, ఒకటీ మూడూ కలిపితే 13వ రోజు. ఎలైజా కిట్‌ని బట్టి, వ్యాక్సిన్‌ని బట్టి ఈ ఛేదన అంకె మారుతుంది. మీరు వాడే వ్యాక్సిన్‌కి అది ఎంతో తయారీదారును అడిగి తెలుసుకోండి.

అలాగని అందరూ ఇంటర్మీడియట్ ప్లస్ వైపు పరిగెత్తడం సరికాదు. ఆ వ్యాక్సిన్ తల్లి యాంటీబాడీల్ని ఛేదించగలుగుతోందంటే దానికి ఆ చొరవ ఉంది కాబట్టే. తల్లి యాంటీబాడీలు తక్కువగా ఉన్న పిల్లలకు ఇస్తే అదే బర్సాను గాయపరుస్తుంది. రోగం రాకుండా వేసిన మందే ఆ రోగం చేసే పని కొంత చేసి పోతుంది. చుట్టుపక్కల ఉధృతమైన వైరస్ తిరుగుతుంటే దాన్ని వాడక తప్పదు. అలాంటి ఒత్తిడి లేనిచోట ఇంటర్మీడియట్ చాలు.

టైటర్లలో తేడా ఎక్కువుంటే ఏ ఒక్క రోజూ అందరికీ సరిపోదు. వయసు ముదిరిన తల్లి మంద పిల్లలూ, అప్పుడే గుడ్లు మొదలెట్టిన మంద పిల్లలూ ఒకే షెడ్డులో కలిస్తే ఇదే జరుగుతుంది. ఆ తేడాను కొలిచే వ్యత్యాస గుణకం (సీవీ) 40 శాతం దాటితే వారం తేడాతో రెండు డోసులు ఇవ్వడం మేలు. వీలైతే ఒకే తల్లి మంద పిల్లల్ని అడిగి తీసుకోవడం ఇంకా మేలు.

హాచరీలోనే పని పూర్తిచేసే పద్ధతులు రెండున్నాయి. వైరస్‌ను యాంటీబాడీలతో జతచేసిన ఇమ్యూన్ కాంప్లెక్స్ వ్యాక్సిన్ ఒకటి. దీన్ని 18వ రోజు గుడ్డులోకి గానీ, ఒకరోజు పిల్లకు మెడ చర్మం కింద గానీ ఇస్తారు. తల్లి యాంటీబాడీలు తగ్గాక అది దానంతటదే పనిలోకి దిగుతుంది. రెండోది హెచ్‌వీటీ వెక్టార్. టర్కీ హెర్పిస్ వైరస్‌లో గంబోరో వీపీ2 జన్యువును చేర్చి చేసింది. ఇది బర్సాను ఏమాత్రం గాయపరచదు, తల్లి యాంటీబాడీలకు పెద్దగా లొంగదు. రక్షణ రావడానికి మాత్రం రెండు మూడు వారాలు పడుతుంది, ఆ లోపు షెడ్డు శుభ్రంగా ఉండాలి. ఈ వ్యాక్సిన్‌ను ద్రవ నైట్రోజన్‌లో ఉంచాలి. ఒకే పిల్లకు రెండు వేర్వేరు హెచ్‌వీటీ వెక్టార్లు ఇస్తే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి కాబట్టి మారెక్స్‌కి కూడా ఇలాంటిదే వాడారేమో హాచరీని అడగండి. తల్లి మందకు గుడ్లు మొదలవకముందే నూనె ఆధారిత కిల్డ్ (చంపిన వైరస్ ఉండే) వ్యాక్సిన్ వేసి ఉంటే పిల్లలకు మొదటి వారాల్లో రక్షణ బలంగా ఉంటుంది. బర్సాకి అత్యంత ప్రమాదమైన వయసు అదే కాబట్టి, ఈ ఒక్క ఇంజక్షన్ విలువ మిగతా అన్నింటికంటే పెద్దదని నా అభిప్రాయం.

నీళ్లలో ఇచ్చేటప్పుడు

5000 పిల్లలు, 14 రోజుల వయసు అనుకుందాం. నిన్న మీటరు చూసి 490 లీటర్లు తాగాయని తేలితే అందులో ఏడో వంతు, అంటే 70 లీటర్లలో వ్యాక్సిన్ కలపాలి. మీటరు లేకపోతే వెయ్యి కోళ్లకు వయసెన్ని రోజులైతే అన్ని లీటర్లు అనే లెక్క. అదీ 70కే వస్తుంది. ఎండలు ముదిరితే కొంచెం పెంచాలి. రెండు రోజుల ముందు నుంచే నీళ్లలో క్లోరిన్, యాసిడ్, ఏ శానిటైజరూ వేయకూడదు. లైన్లు మంచి నీళ్లతో కడిగి ఉంచాలి. లీటరుకు రెండున్నర గ్రాముల చొప్పున 175 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, 20 నుంచి 30 నిమిషాలు ఆగాలి. మిగిలిపోయిన క్లోరిన్‌ను పాల ప్రొటీన్ కట్టేస్తుంది. వ్యాక్సిన్ అప్పటిదాకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. సీసా మూతను నీళ్లలో ముంచి తీయండి. లోపల గాలి లేని సీసా కాబట్టి నీళ్లు దానంతట అవే పీల్చుకుంటుంది. పొడి చెల్లాచెదరు కాదు. ఇనుప బకెట్లు వద్దు, ప్లాస్టిక్ వాడండి.

పిల్లల్ని గంట, గంటన్నర నీళ్లు లేకుండా ఉంచాలి. వేసవిలో అర గంట చాలు. పెట్టిన నీళ్లు ఒక గంట నుంచి రెండు గంటల్లో అయిపోవాలి. అరగంటలోనే అయిపోతే వెనకబడ్డ పిల్లలకు అందలేదని, మూడు గంటలు పట్టిందంటే వైరస్ నీళ్లలోనే చచ్చిందని అర్థం. నీలం రంగు స్టెబిలైజర్ కలిపితే తేల్చుకోవడం సులువు: షెడ్డు నాలుగు మూలల నుంచీ, మధ్య నుంచీ వంద పిల్లల్ని పట్టి నోరు తెరిచి చూడండి. నాలుక నీలంగా ఉన్నవి 90కి తగ్గితే ఎక్కడ లోపం జరిగిందో వెతకాలి. సాధారణంగా అది లైన్ చివర ఉంటుంది. రంగు నీళ్లు అక్కడి నిపుల్ (పిల్లలు నీళ్లు తాగే మొన) దాకా రాకముందే పిల్లల్ని వదిలేసి ఉంటారు. చివరి నిపుల్ నొక్కితే నీలం నీళ్లు వచ్చాకే లైన్లు కిందికి దించాలి.

వచ్చేసిందంటే

ఈ వైరస్‌కి మందు లేదు. చేయగలిగింది కోడిని నిలబెట్టడమే. కిడ్నీలు అప్పటికే యూరేట్లతో నిండి ఉంటాయి కాబట్టి నీళ్లు ఎంత తాగితే అంత మంచిది. డ్రింకర్లు పెంచండి, ఎలక్ట్రోలైట్లు కలపండి, రాత్రి కూడా కాస్త వెలుగు ఉంచి నీళ్ల దగ్గరికి నడిపించండి. పిల్లలు చలికి గుంపు కడుతుంటే షెడ్డు వేడి రెండు డిగ్రీలు పెంచండి, అలాగని గాలి ఆడకుండా మూసేయొద్దు. సల్ఫా మందులు, జెంటామైసిన్ లాంటివి కిడ్నీల మీద ఇంకా భారం వేస్తాయి. కంగారులో వాటిని పట్టుకోవడం వల్ల చావులు పెరిగిన సందర్భాలు ఉన్నాయి. ఈ.కోలి తోడైందని కోసి చూశాక తేలితేనే పశువైద్యుడు చెప్పిన యాంటీబయాటిక్, దాని విడుపు కాలం (మందు ఆపాక కోళ్లు అమ్మే ముందు ఆగాల్సిన రోజులు) లెక్క పెట్టుకుని. ఆ వారంలో లాసోటా గానీ ఐబీ వ్యాక్సిన్ గానీ ఉంటే వాయిదా వేయండి. జవాబిచ్చే కణాలు లేని రోజుల్లో వేసిన వ్యాక్సిన్ రక్షణ ఇవ్వకపోగా గురక తెచ్చిపెడుతుంది.

తర్వాతి బ్యాచ్ కోసం షెడ్డు

కోళ్లు తీసేసిన షెడ్డులో 122 రోజుల తర్వాత కూడా ఈ వైరస్ బతికి ఉండి రోగం తెప్పించగలిగింది. నీళ్లు, మేత, రెట్టల్లో 52 రోజులు నిలిచింది. 56 డిగ్రీల వేడిని ఐదు గంటలు తట్టుకుంటుంది. కొవ్వు పొర లేదన్నది గుర్తుందా, అందుకే సబ్బు లాంటివీ, క్వాటర్నరీ అమోనియం ఒక్కటే ఉన్న ద్రావణాలూ దీన్ని నమ్మకంగా చంపలేవు. గ్లూటరాల్డిహైడ్, ఫార్మాల్డిహైడ్, అయోడిన్, క్లోరిన్ రకాలు పనిచేస్తాయి. అయితే చివరి రెండూ రెట్ట, దుమ్ము తగిలితే నీరసపడతాయి. అందుకని వరస తప్పకూడదు: లిట్టర్ మొత్తం తీయడం, దుమ్ము దులపడం, డిటర్జెంట్‌తో నానబెట్టి ప్రెషర్‌తో కడగడం, పూర్తిగా ఆరనివ్వడం, ఆ తర్వాతే క్రిమిసంహారకం. తడి నేల మీద కొడితే మీరు కొలిచి కలిపిన గాఢత అక్కడ ఉండదు. పీహెచ్ 12 దగ్గర వైరస్ చస్తుంది కాబట్టి గోడలకూ నేలకూ కొత్తగా కాల్చిన సున్నం కొట్టడం ఉపయోగమే. ఫీడ్ సైలో, నీళ్ల ట్యాంకు, ఫ్యాన్ రెక్కల వెనక, పనివాళ్ల చెప్పులు చాలాసార్లు మిగిలిపోతాయి. షెడ్డు ఆరాక కనీసం రెండు వారాలు ఖాళీగా ఉంచండి.

లిట్టర్‌లో కనిపించే చిన్న నల్ల పెంకుపురుగును చాలామంది పట్టించుకోరు. దాని ఒంట్లో ఈ వైరస్ నిలుస్తుంది, కొత్త పిల్లలు దాన్ని ఏరుకుని తింటాయి. కోళ్లు వెళ్లిపోగానే షెడ్డు చల్లబడుతుంది, పురుగులు గోడ సందుల్లోకీ పైకప్పు పొరల్లోకీ ఎక్కేస్తాయి. రెండు రోజులాగి మందు కొడితే అవి దొరకవు. ఆఖరి కోడి బండెక్కిన రోజే, లిట్టర్ ఇంకా వెచ్చగా ఉండగానే, గోడ అడుగు అంచుల వెంబడీ స్తంభాల చుట్టూ మందు కొట్టి, మర్నాడు లిట్టర్ ఎత్తండి.